శాలువాలు చాలు, ఇక పోస్టులు నింపండి

మార్చి 8 మహిళా దినోత్సవం వచ్చినా, నవంబర్ 25 స్త్రీలపై హింస నిర్మూలన దినం వచ్చినా జిల్లా కేంద్రాల్లో ఒకే తరహా సభ జరుగుతుంది. గృహహింస బాధితుల తరఫున పనిచేసే కౌన్సెలర్లను, హింసకు గురైన స్త్రీలకు ఒకేచోట సాయమందించే సఖి కేంద్రాల సిబ్బందిని, హెల్ప్‌లైన్ దగ్గర రాత్రి డ్యూటీ చేసే అమ్మాయిలను వేదిక మీదికి పిలుస్తారు. శాలువా, జ్ఞాపిక, గ్రూప్ ఫొటో. ఆనక మైకు అందుకున్న పెద్దమనిషి నోట వచ్చే మాట కూడా ఒకటే: “ఇది జీతం రాళ్ళ కోసం చేసే పని కాదు తల్లీ, సేవ. మనసున్నవాళ్ళకే సాధ్యం.” సభ చప్పట్లు కొడుతుంది.

ఈ అభిప్రాయానికి కొంత బలం ఉంది, ముందు అది ఒప్పుకోవాలి. మన దగ్గర ఈ పనికి పునాది వేసింది జీతం తీసుకున్న ఉద్యోగులు కారు, మహిళా సంఘాల కార్యకర్తలు. 181 మహిళా హెల్ప్‌లైన్‌ను దేశమంతటికీ విస్తరించే పథకం కేంద్రం 2015లో మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో ‘భూమిక’ హెల్ప్‌లైన్ 2006 నుంచే మోగుతోంది. మనసు లేకుండా ఆ ఫోన్లు ఎవరూ ఎత్తరు, నిజమే. కానీ ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని ఆరు వాదనలు అల్లారు. మనసుంటే చాలని ఒకటి. ఒకప్పుడు పెద్దమనుషులు ఊరికే తీర్చేవారని రెండు. ఇప్పటి కౌన్సెలర్లు కాపురాలు కూలుస్తున్నారని మూడు. అసలు మందు కఠిన శిక్షేనని నాలుగు. ఏటా సన్మానిస్తూనే ఉన్నామని ఐదు. జీతం అడిగితే అది సేవెలా అవుతుందని ఆరు. వరసగా చూద్దాం.

1. “మనసుంటే చాలు”

సఖి కేంద్రానికి ఒకామె వచ్చి, “చిన్న గొడవే మేడమ్, ఆయన్ని ఒక్కసారి పిలిచి భయం చెప్పండి చాలు” అంటుంది. మనసు మాత్రమే ఉన్న మనిషి వెంటనే ఏం చేస్తుంది? భర్తకు ఫోన్ చేస్తుంది. ఆమె ఫిర్యాదు చేసిందని అతనికి తెలిసిపోతుంది. ఆ రాత్రి ఆమె వెళ్ళాల్సింది అదే ఇంటికి.

శిక్షణ పొందిన కౌన్సెలర్ ఫోన్ జోలికి పోదు. ముందు వెంట వచ్చిన అన్ననో అత్తనో బయట కూర్చోబెట్టి ఆమెతో ఒంటరిగా మాట్లాడుతుంది. కొట్టాడా అని ఊరుకోదు, విడమరిచి అడుగుతుంది. గొంతు ఎప్పుడైనా నులిమాడా? అప్పుడు మాట ఆగిపోయిందా? మింగడానికి ఇబ్బందిగా ఉందా? చంపుతానన్నాడా? ఈ మధ్య దెబ్బలు ఎక్కువయ్యాయా? ఇవి ఊసుపోక అడిగే ప్రశ్నలు కావు. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు జాక్వెలిన్ క్యాంప్‌బెల్ 1985లో తయారుచేసిన ‘డేంజర్ అసెస్‌మెంట్’ నుంచి ఇలాంటి ప్రశ్నావళులు పుట్టుకొచ్చాయి. గొంతు నులిమిన మగవాడి చేతిలో ఆ స్త్రీ తరవాత హత్యకు గురయ్యే ప్రమాదం ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని 2008లో అక్కడి అధ్యయనం తేల్చింది. మెడ మీద కమిలిన గుర్తు కనపడకపోవచ్చు. అడగాలని తెలిసినవాళ్ళకే ఆ సంగతి తెలుస్తుంది.

ఆ తరవాతి పనీ అంతే. ఏ నంబరుకు, ఏ వేళప్పుడు ఫోన్ చేస్తే ఆమెకు క్షేమం? ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల స్కూలు సర్టిఫికెట్లు ఎవరింట్లో దాచుకోవచ్చు? హింసించే భర్తను విడిచి వచ్చేసే రోజులే ఆడమనిషికి అన్నిటికన్నా ప్రమాదమైన రోజులు. ఆ సంగతి తెలియనివాళ్ళు “ఇంకా ఆ ఇంట్లో ఎందుకున్నావు?” అని ఆమెనే నిలదీస్తారు.

ఇక కాగితం పని. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటుకు వెళ్ళే సంఘటన నివేదికను ఆఫీసుల్లో డీఐఆర్ అంటారు. “భర్త కొడుతున్నాడు” అని ఒక్క ముక్క రాసి పంపితే వచ్చే ఉత్తర్వు కూడా అంతే పలచగా ఉంటుంది. శారీరక, లైంగిక, మాటల ద్వారా పెట్టే మానసిక, ఆర్థిక హింసలను చట్టం విడివిడిగా గుర్తిస్తుంది. ఏ తేదీన, దేనితో కొట్టాడు, ఆమె జీతం ఎవరి ఖాతాలో పడుతోంది, ఆమె నగలు ఎవరి బీరువాలో ఉన్నాయి, ఇవన్నీ అందులో ఉండాలి. నేర్చుకుంటేనే వచ్చే విద్య ఇది.

2. “ఒకప్పుడు పెద్దమనుషులు ఊరికే తీర్చేవారు”

తీర్చేవారు. ఎవరి పక్షాన అన్నదే ప్రశ్న. అరుగు మీద కూర్చునేది అతని మేనమామ, ఆ వీధి మోతుబరి, పెళ్ళి కుదిర్చిన మధ్యవర్తి. మొదటి ప్రశ్న “ఎందుకు కొట్టావురా?” అని ఉండదు, “నువ్వేం చేశావమ్మా?” అని ఉంటుంది. చివరి మాట “సర్దుకుపో”. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట అన్న సామెతను ఇప్పటికీ నవ్వుతూ వాడుకుంటున్నాం. అందులో దెబ్బ లెక్కలోకే రాదు. పరువు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. ఆ పంచాయితీల తీర్పులూ సరిగ్గా అలాగే ఉండేవి.

ఇప్పుడు మారిపోయాం అనేవాళ్ళు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెరిచి చూడాలి. చెప్పకుండా బయటికి వెళ్ళడం, వంట బాగా చెయ్యకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం లాంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని ఆ సర్వేలో అడిగారు. కనీసం ఒక కారణానికి సబబే అన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. స్త్రీలే ఇలా అంటున్న సమాజంలో, ఏ శిక్షణా లేని పెద్దమనిషి తన ఇంగితంతో చెప్పే తీర్పు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

అందుకే చట్టం ఈ పనిని ఇంగితానికి వదిలిపెట్టలేదు. 2006 నాటి గృహహింస నిబంధనల ప్రకారం వివాదంతో సంబంధం ఉన్నవారు, బంధువులు కౌన్సెలర్‌గా ఉండకూడదు. “ఆమె అలా చేసింది కాబట్టి కొట్టాను” అన్న సమర్థన కౌన్సెలింగ్‌లో చెల్లదు. సంఘటన నివేదిక రాసి మేజిస్ట్రేటుకు పంపే ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు సామాజిక రంగంలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలి, ఆ పోస్టులో కనీసం మూడేళ్ళు ఉంచాలి. అంటే చట్టం రాసినవాళ్ళు దీన్ని వృత్తిగానే చూశారు. సేవ అంటున్నది మనం.

ఆ చూపు కొత్తది కూడా కాదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు దయాగుణం తక్కువేమీ కాదు. అయినా ఆమె కట్టింది సంస్థలను. కుటుంబ కౌన్సెలింగ్ కేంద్రాల పథకం 1980లలో ఆ మండలి చేతుల మీదుగానే వచ్చింది. 2022లో ఆ మండలినే మూసేశారు.

3. “కాపురాలు కూలుస్తున్నారు”

అన్నిటికన్నా గట్టిగా వినపడే మాట ఇదే. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే, శారీరక లేదా లైంగిక హింస అనుభవించిన భారతీయ స్త్రీలలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు 14 శాతం. సాయం అడగనూ లేదు, ఎవరితో చెప్పుకోనూ లేదు అన్నవాళ్ళు 77 శాతం. ఆ 14 శాతంలోనూ చాలామంది వెళ్ళేది పుట్టింటికి, చుట్టాల దగ్గరికి. కౌన్సెలర్ గడప తొక్కేవాళ్ళు ఎంతో కొద్దిమంది. వాళ్ళ ముఖమే చూడని ఇళ్ళను వాళ్ళు ఎలా కూలుస్తారు? భర్త చేతిలో హింస అనుభవించామన్న వివాహితలు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఇంటిని కూలుస్తున్న చెయ్యి ఏదో ఈ అంకెల్లోనే ఉంది.

పైగా ఈ ఆరోపణ చేసేవాళ్ళు చట్టం చదవలేదు. 2005 గృహహింస చట్టం ప్రధానంగా సివిల్ రక్షణలిచ్చే చట్టం. దరఖాస్తు పడగానే ఎవరినీ జైలుకు పంపదు. కొట్టవద్దని, ఇంట్లోంచి గెంటవద్దని, ఖర్చులకివ్వమని ఉత్తర్వు ఇస్తుంది. ఆ రక్షణ ఉత్తర్వును ధిక్కరిస్తేనే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఉమ్మడిగా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందని 17వ సెక్షన్ చెబుతుంది. ఆమెను ఇంట్లోనే క్షేమంగా నిలబెట్టే చట్టం ఇల్లు కూల్చేదెలా అయింది?

“మరి తప్పుడు కేసులో?” అంటారు. ఉంటాయి. అన్ని చట్టాల కిందా ఉంటాయి. వరకట్న వేధింపుల కేసుల్లో శిక్షలు తక్కువ పడుతున్నాయని, కాబట్టి కేసులన్నీ కట్టుకథలని తేల్చేస్తారు. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షి ఎక్కడ దొరుకుతాడు? ఏళ్ళ తరబడి వాయిదాలు నడిచి, మధ్యలో రాజీ కుదిరితే ఆ కేసు ఎలా నిలబడుతుంది? కేసు రుజువు కాకపోవడం ఒకటి, అబద్ధమని తేలడం మరొకటి. అసలు, నిజమైన ఫిర్యాదునూ పెంచి చెప్పినదాన్నీ మొదటి రోజే వేరుచెయ్యగలిగింది నిలకడగా విని, తేదీలు సరిచూసి, నివేదిక రాసే అధికారే. తప్పుడు కేసుల మీద బెంగ ఉన్నవాళ్ళు ముందుగా అడగాల్సింది ఆ అధికారి పోస్టునే. జాతీయ నేర రికార్డుల ప్రకారం ఒక్క 2022లో నమోదైన వరకట్న మరణాలు 6,450. అంటే రోజుకు 17కు పైగా. ఆ కాపురాలు ఏ కౌన్సెలర్ కూల్చింది?

4. “అసలు మందు కఠిన శిక్షే”

2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం వెళ్ళి పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది. పూలు చల్లిన చేతులు ఆ నివేదిక పేజీలు తిప్పలేదు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 రోజుల్లో తీర్పు వచ్చేలా దిశ బిల్లును ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు, అది అమల్లోకి రాలేదు.

శిక్ష అక్కర్లేదని ఎవరూ అనడం లేదు. అది హింస జరిగిపోయాక చేసే పని. జరగకుండా ఆపిన మనిషికి పూలు చల్లే ఆచారం మనకు లేదు. జరగని హత్యకు ఎఫ్ఐఆర్ ఉండదు, ప్రాణంతో మిగిలిన మనిషి టీవీ వార్త కాదు. ఆ కారణంగానే నివారణ పనికి ఓట్లూ రాలవు, నిధులూ రాలవు.

నివారణ ఎలా ఉంటుందో ముంబై చూపించింది. 1984లోనే టాటా సామాజిక శాస్త్రాల సంస్థ శిక్షణ పొందిన సోషల్ వర్కర్లను అక్కడి పోలీసు కమిషనర్ కార్యాలయంలోనే కూర్చోబెట్టి స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక విభాగం తెరిచింది. తరవాత మహారాష్ట్ర ప్రభుత్వం ఆ పనిని తన భుజాన వేసుకుంది. 2000 ప్రాంతంలో బాంద్రాలోని మునిసిపల్ ఆసుపత్రిలో, సెహత్ అనే సంస్థతో కలిసి నగరపాలక సంస్థ ‘దిలాసా’ మొదలుపెట్టింది. “మెట్ల మీంచి జారిపడ్డాను”, “స్టవ్ అంటుకుంది” అని క్యాజువాలిటీకి వచ్చే స్త్రీని కట్టు కట్టి పంపెయ్యకుండా, ఆ గాయం జారిపడితే అయ్యేదేనా అని చూసేలా నర్సులకు, డాక్టర్లకు తర్ఫీదిచ్చారు. ఆమె పోలీస్ స్టేషన్ దాకా రాలేకపోవచ్చు. ఆసుపత్రికి మాత్రం వచ్చి తీరుతుంది. ఆ ఒక్క సంగతి పట్టుకుని కట్టిన వ్యవస్థ అది. ఏ ఉరిశిక్షకూ అందని చోటికి ఒక నర్సు ప్రశ్న అందుతుంది.

5. “గౌరవిస్తూనే ఉన్నాం కదా”

ఈ గౌరవం ఎలాంటిదో భంవరీదేవి బతుకు చెబుతుంది. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో ఆమె ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమం కింద ‘సాథిన్’గా పనిచేసింది. నెలకు కొన్ని వందల రూపాయల భత్యం. బాల్యవివాహాలు ఆపడం ఆమెకు అప్పగించిన పని. 1992లో తొమ్మిది నెలల పసికందు పెళ్ళిని ఆపబోయింది. అదే ఏడు సెప్టెంబర్‌లో ఆ కక్షతో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1994లో ఆమెకు నీరజా భనోత్ అవార్డు ఇచ్చారు. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి వదిలేసింది. ఈ ఘటన దరిమిలా 1997లో సుప్రీంకోర్టు పనిచోట లైంగిక వేధింపుల మీద విశాఖా తీర్పు ఇచ్చింది. 2013లో ఆ వేధింపుల నిరోధానికి చట్టం వచ్చింది. ఇవాళ దేశంలో పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి ఆఫీసులో ఉండాల్సిన ఫిర్యాదుల కమిటీకి మూలం ఆమె చేసిన డ్యూటీ. దేశానికి చట్టం దక్కింది, ఆమెకు అవార్డు దక్కింది. ఆ డ్యూటీకి పంపిన ప్రభుత్వం ఆమెకు ఏ రక్షణ ఇచ్చింది?

మన హైదరాబాద్‌లో 1996లో ‘ప్రజ్వల’ స్థాపించి అమ్మాయిల అక్రమ రవాణాతో తలపడుతున్న సునీతా కృష్ణన్‌కు 2016లో పద్మశ్రీ వచ్చింది. మంచిదే. ఆ పనిలో ఆమె మీద ఎన్నోసార్లు దాడులు జరిగాయి. పతకం గుండెల మీద ఉంటుంది, దాడి వెనకనుంచి వస్తుంది.

చట్టం వైపునుంచీ ఈ గౌరవం కొలవొచ్చు. రక్షణ ఉత్తర్వును ధిక్కరించిన వ్యక్తికి ఏడాది జైలు, 20,000 జరిమానా అన్నాం కదా. మేజిస్ట్రేటు ఆదేశించిన విధి సరైన కారణం లేకుండా చెయ్యని ప్రొటెక్షన్ ఆఫీసర్‌కూ 33వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష అక్షరాలా అంతే. బాధ్యత అంత బరువు పెట్టినప్పుడు వసతి కూడా అంతే ఇవ్వాలి. ఇచ్చారా? మన రాష్ట్రాల్లో అంగన్‌వాడీల దగ్గర్నుంచి శిశుగృహాల దాకా చూసుకునే జిల్లా అధికారి నెత్తినే ఈ బాధ్యతనూ పెట్టారు. దేశంలో ఈ చట్టం కింద నాలుగున్నర లక్షలకు పైగా కేసులు పెండింగ్‌లో ఉన్నాయని, ఒక్కో ఆఫీసర్ మీద 500 పైచిలుకు కేసులు పడుతున్నాయని 2023లో సుప్రీంకోర్టే ఎత్తిచూపింది. తాలూకా స్థాయి దాకా ప్రొటెక్షన్ ఆఫీసర్లను ఆరు వారాల్లో గుర్తించి నియమించాలని 2025 మే నెలలో మళ్ళీ ఆదేశించాల్సి వచ్చింది. చట్టం అమల్లోకి వచ్చింది 2006 అక్టోబర్ 26న. దాదాపు పంతొమ్మిదేళ్ళ తరవాత కూడా కోర్టు “ముందు మనుషులను పెట్టండి” అనే చెబుతోంది.

డబ్బు లేక కాదు. బేటీ బచావో బేటీ పఢావో పథకానికి 2016–19 మధ్య విడుదలైన నిధుల్లో 78 శాతానికి పైగా ప్రచారానికే పోయిందని పార్లమెంటరీ కమిటీ 2021లో బయటపెట్టింది. హోర్డింగులకు దొరికిన డబ్బు మనుషులకు దొరకలేదు.

6. “జీతం అడిగితే సేవెలా అవుతుంది?”

గుండె ఆపరేషన్ చేసే సర్జన్‌ను ఈ ప్రశ్న అడగం. జడ్జిని అడగం. వాళ్ళకు జీతం ఉన్నంత మాత్రాన వాళ్ళ నిబద్ధతను శంకించం. ఈ ప్రశ్న అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను, సఖి కౌన్సెలర్‌ను మాత్రమే అడుగుతాం. ఆడవాళ్ళు ఇంట్లో ఊరికే చేసే చాకిరీని బయట కూడా ఊరికే చెయ్యాలన్న లెక్క ఇది. ఇంట్లో స్త్రీని అణచే ఆలోచనే, ఆమెను కాపాడే స్త్రీ జీతంలోనూ కోత పెడుతోంది.

దాని ఫలితం చివరికి బాధితురాలే మోస్తుంది. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, నెలల తరబడి ఆగే జీతాలు. పని నేర్చిన కౌన్సెలర్ ఇల్లు గడవక మరో ఉద్యోగానికి పోతుంది. ఆ కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుంటుంది. నోరు విప్పడానికే ఏళ్ళు పట్టిన మనిషి మొదటి రాత్రి దగ్గర్నుంచీ మళ్ళీ చెప్పుకురావాలి. ఎంతమందికి ఆ ఓపిక ఉంటుంది? రోజూ ఇలాంటి కథలు వినేవాళ్ళకు నిద్ర పట్టకపోవడం, ఉలికిపడటం, మనసు మొద్దుబారడం మామూలే. వాళ్ళ మాట వినడానికి అనుభవజ్ఞులైన పర్యవేక్షకులు ఉండాలి. “నీది గొప్ప మనసు” అన్న మాట ఆ పని చెయ్యదు.

ఒక అభ్యంతరం న్యాయమైనదే. కొన్ని సంస్థలు ప్రాజెక్టుల కోసమే పనిచేశాయి. కొందరు కౌన్సెలర్లు కూడా “ఒక అవకాశం ఇచ్చి చూడమ్మా” అని దెబ్బలు తిన్న స్త్రీని వెనక్కి పంపారు. నిజం. కానీ స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళను ఎవరు నిలదీయగలరు? పోస్టు, అర్హత, శిక్షణ, తనిఖీ ఉంటేనే తప్పు చేసినవాళ్ళను పట్టుకోగలం. జవాబుదారీ కావాలంటున్నవాళ్ళు వృత్తి హోదానే కోరాలి.

కాబట్టి గౌరవం అంటే ఏమిటో తేల్చుకుందాం. ప్రతి మండలానికీ, ఇతర బాధ్యతలు లేని పూర్తికాలపు ప్రొటెక్షన్ ఆఫీసర్. సఖి కేంద్రాల్లో, హెల్ప్‌లైన్లలో రెగ్యులర్ పోస్టులు, ఒకటో తారీఖున జీతం. రాత్రివేళ ఇంటికి వెళ్ళి బాధితురాలిని తీసుకురావడానికి వాహనం, వెంట పోలీసు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో దిలాసా లాంటి విభాగం. వరకట్న మరణం జరిగిన ప్రతిసారీ, ఆ స్త్రీ అంతకుముందు ఎవరి తలుపు తట్టింది, అక్కడ ఏం జరిగిందని రాతపూర్వకంగా విచారణ. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. వీటిలో కొన్ని చట్టం చెప్పినవే, కోర్టు ఆదేశించినవే.

ఈసారి సన్మాన సభకు పిలుపు వస్తే పాఠకులు ఒక పని చెయ్యాలి. శాలువా కప్పే అధికారిని, ఎమ్మెల్యేను అక్కడే, మైకులోనే అడగండి: మన జిల్లాలో ప్రొటెక్షన్ ఆఫీసర్ పోస్టులెన్ని, ఖాళీలెన్ని, సఖి కేంద్రం సిబ్బందికి చివరిసారి జీతం పడింది ఎప్పుడు? జవాబు చెప్పలేనివాళ్ళకు ఆ శాలువా కప్పే హక్కు లేదు.